ఛాతీకి దెబ్బ తగిలితే పైపు వేసి ఊరుకుంటారేం?

బండి హ్యాండిల్ ఛాతీకి బలంగా గుద్దుకుంది. ఆరు పక్కటెముకలు విరిగాయి, లోపల రక్తం చేరింది. చంక కింద ఒక పైపు పెట్టి, దాని రెండో కొస నీళ్ల సీసాలో ముంచాం. ఇక బంధువులు మొదలుపెడతారు. "ఆపరేషన్ ఎప్పుడు డాక్టరుగారూ? చేతకాకపోతే చెప్పండి, పెద్దాసుపత్రికి తీసుకుపోతాం." వెనకనుంచి ఒక పెద్దాయన, "ముందు ఛాతీ చుట్టూ గట్టిగా కట్టు కట్టించండ్రా, ఎముకలు కదలకుండా ఉంటాయి" అంటాడు. మొదటి మాటకి ఓపిగ్గా జవాబు చెబుతాను. రెండోది వింటే మాత్రం ఒళ్లు మండుతుంది.

(వీడియోలో తెర మీద హార్మోనియం బొమ్మ)

పద్యనాటకాల్లో స్టేజీ పక్కన హార్మోనిస్టు ఒక చేత్తో వెనక పలక ఆడిస్తూ ఉంటాడు కదా. పలక తెరుచుకుంటే గాలి లోపలికొస్తుంది, మూసుకుంటే మెట్లకి అందుతుంది. మీ ఛాతీ పనీ అదే. ఊపిరితిత్తి తనంతట తాను సాగలేదు, పలక కదిలితేనే దానికి గాలి. ఆ పలకని తాడుతో బిగించేసి "ఊఁ, పద్యం అందుకో" అంటే ఎలా? నాటు కట్టు చేసేది సరిగ్గా అదే. లోతుగా పీల్చలేరు, దగ్గలేరు, కఫం పేరుకుంటుంది, న్యుమోనియా వస్తుంది. ముసలివాళ్ల ప్రాణం మీదికి తెచ్చేది చాలాసార్లు విరిగిన ఎముక కాదు, ఆ తర్వాత వచ్చే ఈ న్యుమోనియానే.

హార్మోనియం పలక లోపలివైపు ఒక రంధ్రం, దానిమీద తోలు మూత ఉంటాయి. గాలిని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. విరిగిన ఎముక గుచ్చుకుని ఊపిరితిత్తి చిరిగినప్పుడు, ఒక్కోసారి ఆ చిరుగే ఇలాంటి మూతలా తయారవుతుంది. పీల్చిన ప్రతిసారీ గాలి ఛాతీ గూట్లోకి జారుకుంటుంది, తిరిగి రాదు. ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. గుండె పక్కకి నెట్టుకుపోతుంది, దానికి రక్తం చేరదు, బీపీ పడిపోతుంది. ఇక్కడ ఎక్స్‌రే కోసం ఆగడం తప్పు. చూసి, విని, వెంటనే సూది గుచ్చి గాలి వదిలేయాలి. తర్వాతే పైపు.

ఇప్పుడు ఆ సీసా సంగతి. పైపు కొస నీళ్లలో సుమారు 2 సెంటీమీటర్లు మునిగి ఉంటుంది. ఛాతీలోని గాలి బుడగలుగా బయటికొచ్చేస్తుంది, నీళ్లు అడ్డం కాబట్టి వెనక్కి వెళ్లలేదు. అంటే ఇది తిరగేసి బిగించిన హార్మోనియం మూత. ప్రాణం తీస్తున్న యంత్రాంగాన్నే అటుదిటు చేసి ప్రాణం నిలబెడుతున్నాం, అదీ కరెంటు లేకుండా. ఆసుపత్రిలో ఉన్న ఖరీదైన మిషన్లన్నిటికంటే నాకు ఈ సీసా అంటేనే ముచ్చట. (దయచేసి దాన్ని మంచం మీద పెట్టకండి! ఎప్పుడూ ఛాతీ కంటే కిందే ఉండాలి.)

ఇలా గుచ్చుకోకుండా గుద్దుకుని తగిలే మొద్దు దెబ్బల్లో ఛాతీ తెరవాల్సి వచ్చేది నూటికి పది మందికి కూడా కాదు. మిగతావాళ్లకి ఈ పైపు, నొప్పి మందు, ఆక్సిజన్, కొందరికి వెంటిలేటర్. కాబట్టి పైపు వేశామంటే ఊరుకున్నట్టు కాదు, వైద్యం జరిగినట్టే.

మరి ఎప్పుడు తెరుస్తాం? పైపు వేయగానే లీటరున్నర రక్తం వచ్చినా, ఆ తర్వాత గంటకి 200 మిల్లీలీటర్ల చొప్పున రెండు నుంచి నాలుగు గంటలపాటు కారుతూనే ఉన్నా ఆపరేషన్ థియేటర్‌కే. బుడగలు ఆగకుండా పొంగుతున్నా ఊపిరితిత్తి విచ్చుకోకపోతే శ్వాసనాళమే తెగిందేమో చూడాలి. రక్తం గడ్డకట్టి లోపలే ఉండిపోతే మొదటి వారంలోనే చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో తీసేయడం మంచిది. ఆలస్యమైతే చీము పట్టొచ్చు, లేదా అది ఊపిరితిత్తి చుట్టూ తొక్కలా గట్టిపడొచ్చు.

ఇంకోటి. పక్కపక్కనున్న మూడు, అంతకంటే ఎక్కువ ఎముకలు ఒక్కోటి రెండేసి చోట్ల విరిగితే, పలకలో ఒక ముక్క ఊడిపోయినట్టే. పలక తెరుచుకుంటుంటే ఆ ముక్క మాత్రం లోపలికి కుంగుతుంది. 1956 నుంచీ దీనికి మందు వెంటిలేటరే అనుకున్నారు డాక్టర్లు. లోపలినుంచి గాలితో నొక్కిపెడితే ఎముకలు అతుక్కుంటాయని వాళ్ల లెక్క. 1975లో అమెరికా సర్జన్ ట్రింకిల్ బృందం ఆ లెక్కని తిరగేసింది. అసలు సమస్య ముక్క కంటే దాని కింద కమిలిన ఊపిరితిత్తి, పైగా పీల్చనివ్వని నొప్పి అని చెప్పి, వెంటిలేటర్ లేకుండానే చాలామందిని గట్టెక్కించింది. కమిలిన ఊపిరితిత్తి మొదటి ఒకటి రెండు రోజుల్లో ఇంకా పాడవుతుంది, అందుకే "నిన్న బాగానే మాట్లాడాడండీ" అని వింటుంటాం. ఇప్పుడు టైటానియం ప్లేట్లు వచ్చాయి, ఊడిన ముక్కని మళ్లీ పలకకి బిగిస్తాం. అందరికీ కాదు. వెంటిలేటర్ వదలలేనివాళ్లకి, నొప్పి దేనికీ లొంగనివాళ్లకి ముఖ్యంగా.

టైం అయిపోతోంది, బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద నాళం) సంగతి గబగబా. ఇలాంటి దెబ్బకి ఎక్కువగా ఎడమ చేతికి వెళ్లే రక్తనాళం చీలిన చోటు దాటగానే అది చిరుగుతుంది. పూర్తిగా తెగినవాళ్లలో చాలామంది ఆసుపత్రిదాకా రారు. వచ్చినవాళ్లకి ముందు బీపీ తగ్గించి, సిటీ స్కాన్ తీసి, వీలైతే గజ్జల దగ్గర నుంచి స్టెంట్ (నాళం లోపల బిగించే గొట్టం) పంపిస్తాం. దానికి వేరే వీడియో చేస్తాను.

ఆఖరిగా, ఇంటికి పంపేటప్పుడు ఊపిరితిత్తుల కసరత్తుకని ఇచ్చే ఆ మూడు బంతుల డబ్బా. అందరూ ఊదుతున్నారు. ఊదడానికి కాదు బాబూ అది, నోటితో పీల్చాలి! పీలిస్తేనే బంతులు లేస్తాయి.