ఏజెంటు చేతికి టెలిగ్రామ్ ఇస్తున్నారా? టూల్ వివరణ ఇలా రాయండి

[తెర: దామలచెరువు మామిడి మార్కెట్. తోతాపురి లోడు దిగుతోంది. ఫోన్‌లో రెండు టెలిగ్రామ్ గ్రూపులు.]

సీజన్లో ఒక మండీ ఉందనుకుందాం. టెలిగ్రామ్‌లో రైతుల గ్రూపు ఒకటి, లారీ డ్రైవర్ల గ్రూపు ఒకటి. "రేపు ర్యాంపు 6 గంటలకు తెరుస్తారని రైతులకు చెప్పు" అని మండీ యజమాని అంటాడు. ఏఐ ఏజెంటు, అంటే మన మాట విని తనే పనులు చేసే ప్రోగ్రామ్, ఆ కబురు పంపాలి. అందుకు మనం దాని చేతికిచ్చే చిన్న ప్రోగ్రామే టూల్. టెలిగ్రామ్ సంగతి దానికి ఎంతో కొంత తెలుసు. మన టూల్ ఏం చేస్తుందో, ఏ గ్రూపులో ఎవరున్నారో మాత్రం మనం రాసిస్తేనే తెలుస్తుంది.

[తెర: పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (టూల్‌కి ఏ వివరాలు ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే జాబితా)]

ఏఐని బయటి టూల్స్‌తో కలపడానికి ఆంత్రోపిక్ కంపెనీ 2024 నవంబరులో తెచ్చిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో కూడా టూల్‌కి ప్రధానమైనవి ఈ మూడే. పేరు "మెసేజ్" అని పెడితే అది చదవడానికో పంపడానికో తేలదు. "టెలిగ్రామ్_మెసేజ్_పంపు" అనండి. ఇక వివరణ. చాలామంది "టెలిగ్రామ్ మెసేజ్ పంపుతుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అది చాలదు.

[తెర: కొత్త వివరణ]

"ఒక చాట్‌కి టెక్స్ట్ మెసేజ్ పంపుతుంది. పంపిన వెంటనే అందరికీ కనిపిస్తుంది. యజమాని పంపమన్నప్పుడే వాడాలి. ఏం రాస్తావో చూపించు అంటే వాడకూడదు. పాత మెసేజీలు చదవడానికి పనికిరాదు."

ఎప్పుడు వాడకూడదో చెప్పే ఆ రెండు వాక్యాలే మొత్తం వివరణలో విలువైనవి.

ఏ గ్రూపుకి పంపాలో చెప్పే అంకె చాట్ ఐడీ. దాని దగ్గర జాగ్రత్త. గ్రూపుల ఐడీలు మైనస్ గుర్తుతో మొదలవుతాయి. "మైనస్‌తో సహా ఇవ్వాలి, ఊహించి రాయకూడదు, గ్రూపుల జాబితా టూల్ నుంచే తీసుకోవాలి" అని రాయండి. ఆ జాబితా టూల్ లేకపోతే ఏజెంటు ఏదో ఒక అంకె అల్లేస్తుంది. మామూలు గ్రూపు సూపర్‌గ్రూపుగా (ఎక్కువ మంది పట్టే రకం) మారితే ఐడీయే మారిపోతుంది. కొత్త ఐడీ ఎర్రర్‌తో పాటే వస్తుంది కాబట్టి ఆ మార్పు మీ కోడే చూసుకోవాలి.

[తెర: బటన్. "లోడు రేపు ఉదయం దింపుతాను"]

మెసేజ్‌కి 4096 అక్షరాల హద్దు. అది అరుదుగా తగులుతుంది. తెలుగువాళ్లకి తగిలేది బటన్ డేటా (మెసేజ్ కింది బటన్ నొక్కితే మన ప్రోగ్రామ్‌కి చేరే మాట) హద్దు: 64 బైట్లు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకి మళ్లీ 3. తెర మీద వాక్యంలో గుర్తులతో కలిపి 21, వాటికి 63 బైట్లు. ఖాళీలు మూడు. మొత్తం 66. రెండు బైట్ల తేడాతో బటన్ రాదు. తెలుగు మాట బటన్ పైన ఉంచి, లోపలి డేటాలో పొట్టి ఇంగ్లిష్ కోడ్ పెట్టండి. స్కీమాలో ఆ సంగతి రాయండి.

అక్షరాలను బొద్దుగా, వాలుగా చూపించే మార్క్‌డౌన్ వీ2 ఎంపికను ఏజెంటుకు ఇవ్వొద్దనే చెబుతాం. "12.5 టన్నులు"లో చుక్క ముందు బ్యాక్‌స్లాష్ లేకపోయినా 400 ఎర్రరే, మెసేజ్ వెళ్లదు. ఉత్త టెక్స్ట్ చాలు.

[తెర: 403, 429, టైమవుట్]

403 ఎర్రర్ అంటే అవతలి మనిషి బాట్‌ను (మన టూల్ మెసేజీలు పంపే టెలిగ్రామ్ ఖాతాను) బ్లాక్ చేసి ఉండొచ్చు, లేదా అసలు మొదలుపెట్టి ఉండకపోవచ్చు. బాట్ తనంతట తాను కొత్త మనిషిని పలకరించలేదు. ఎన్నిసార్లు పంపినా అంతే, యజమానికి చెప్పి ఆగాలి. మరీ ఎక్కువ మెసేజీలు పంపితే వచ్చేది 429. అది వస్తే ఎన్ని సెకన్లు ఆగాలో జవాబులోనే ఉంటుంది. ఒక గ్రూపుకి నిమిషానికి 20 మెసేజీలు దాటొద్దు.

అన్నిటికన్నా ప్రమాదం టైమవుట్. జవాబు రాలేదంటే మెసేజ్ వెళ్లలేదని కాదు. మీ టూల్ "పంపడం విఫలమైంది" అని చెప్పిందా, ఏజెంటు మళ్లీ పంపుతుంది. "ఒక లారీ పంపండి" అన్న మాట డ్రైవర్లకు రెండుసార్లు చేరితే రెండు లారీలు వచ్చి నిలబడతాయి. ఒకే మెసేజ్ రెండోసారి వచ్చిందని పట్టుకునే ఏర్పాటు టెలిగ్రామ్ బాట్ ఏపీఐలో (ప్రోగ్రామ్‌లు టెలిగ్రామ్‌ని వాడుకునే దారిలో) లేదు. పాత సంభాషణ తిరగేసి చూసుకునే వీలు కూడా బాట్‌కి లేదు. అందుకే ప్రతి పనికీ మీ టూల్ ఒక సొంత నంబరు వేసుకుని, అదే నంబరు మళ్లీ వస్తే పంపకుండా ఆపాలి. ఏజెంటుకు ఇచ్చే జవాబు ఇలా ఉండాలి: "జవాబు రాలేదు. మెసేజ్ చేరి ఉండొచ్చు. మళ్లీ పంపకు. గ్రూపు చూసి చెప్పమని యజమానిని అడుగు."

కొత్తగా వచ్చే మెసేజీలు చదివే టూల్ కూడా ఉంటే, అందులోని మాటలు సమాచారమే గానీ ఆదేశాలు కావని రాయండి. రాస్తే సరిపోదు. ఏ గ్రూపులకు పంపొచ్చో కోడ్‌లోనే కట్టడి చేయండి.

[తెర: పరీక్ష]

చివరగా యజమాని అనేలాంటి ఓ పది మాటలు ఏజెంటుకు ఇచ్చి చూడండి. "రైతులకు ఏం రాస్తావో చూపించు" అంటే పంపే టూల్ కదలకూడదు. డ్రైవర్ల గ్రూపులు రెండున్నప్పుడు "డ్రైవర్లకు చెప్పు" అంటే, ఏ గ్రూపుకో ముందు అడగాలి. అడక్కుండా పంపేసిందంటే వివరణలో "ఏ గ్రూపో తేలకపోతే ముందు అడగాలి" అన్న వాక్యం లేదన్నమాట. చేర్చి, పదీ మళ్లీ మొదటి నుంచి నడపండి.