వీల్యాన్‌ల మధ్య కాపలా: సిస్కో క్యాటలిస్ట్ 3560 రివ్యూ

నమస్కారం. పర్లాకిమిడిలో ఒక చిన్న ఆసుపత్రికి నేను బిగించిన సిస్కో క్యాటలిస్ట్ 3560 స్విచ్ (కంప్యూటర్లను, కెమెరాలను నెట్‌వర్క్‌గా కలిపే పెట్టె) గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. బరంపురంలో సెకండ్‌హ్యాండ్‌గా దొరికిన పాత మోడల్ ఇది. ఒక వీల్యాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన వేరు నెట్‌వర్క్) నుంచి మరొక దానికి పోయే ట్రాఫిక్‌ను ఇది ఎంత నమ్మకంగా ఆపుతుందన్నదే ఈ రివ్యూ.

అక్కడ బిల్లింగ్ కంప్యూటర్లు వీల్యాన్ 10లో, సీసీ కెమెరాలు 20లో, రోగుల బంధువుల వైఫై 30లో ఉన్నాయి. వీల్యాన్‌లుగా విడదీస్తే చాలని చాలామంది అనుకుంటారు గానీ, ఐపీ రూటింగ్ (నెట్‌వర్క్‌ల మధ్య ట్రాఫిక్ చేరవేసే పని) ఆన్ చేసి ఒక్కొక్క వీల్యాన్‌కు గేట్‌వే (బయటికి దారి) అడ్రసు ఇచ్చిన మరుక్షణం ఈ స్విచ్చే రౌటరై, విడదీసిన వాటిని మళ్లీ కలిపేస్తుంది. యాక్సెస్ లిస్టు (ఏ ట్రాఫిక్ పోవాలో, ఏది ఆగాలో చెప్పే నియమాల జాబితా) రాసి తగిలించేదాకా, హాల్లో కూర్చున్నవారి ఫోను నుంచి బిల్లింగ్ గదికి దారి తెరిచే ఉంటుంది.

వైఫై వైపు పని సులువుగానే అయింది. వైఫై నెట్‌వర్క్ అయిన 192.168.30.0 నుంచి మిగతా రెండు నెట్‌వర్క్‌లకు డినై (ఆపు), చివర అందరికీ పర్మిట్ (పోనివ్వు) అని రాసి, వీల్యాన్ 30 ఇంటర్‌ఫేస్‌కు ఇన్ దిశలో (ఆ వీల్యాన్ నుంచి స్విచ్‌లోకి వచ్చే ట్రాఫిక్‌కు) పెట్టాను. ఆ పర్మిట్ మరిచిపోతే, లిస్టు చివర కనిపించకుండా ఉండే డినై ఇంటర్నెట్‌ను కూడా ఆపేస్తుంది.

చిక్కంతా కెమెరాల దగ్గర వచ్చింది. బిల్లింగ్ గదిలోని కంప్యూటర్ కెమెరాలను చూడాలి, కెమెరాలు మాత్రం అటువైపు తొంగిచూడకూడదు. వీల్యాన్ 20 నుంచి 10కి డినై పెట్టగానే తెర నల్లబడింది, ఎందుకంటే ఈ లిస్టుకు జ్ఞాపకం లేదు. మనం అడిగిన ప్రశ్నకు కెమెరా ఇచ్చే జవాబు కూడా దానికి కొత్త ప్యాకెట్టే (డేటా ముక్కే). డినైకి పైన, కనెక్షన్ పెట్టుకుని డేటా పంపే పద్ధతి అయిన టీసీపీకి ఎస్టాబ్లిష్డ్ (ఇప్పటికే మొదలైన కనెక్షన్) అనే పదంతో ఒక పర్మిట్ వరుస చేర్చి, వీడియోను కనెక్షన్ లేకుండా పంపే యూడీపీ మాని టీసీపీ మీద తెప్పించాక బొమ్మ వచ్చింది. అప్పుడు కూడా పింగ్‌కు (అవతలి పరికరం అందుతోందా అని చూసే పరీక్షకు) జవాబు రాలేదు; పింగ్ టీసీపీ కాదు కనుక, ఎకో రిప్లైకి (పింగ్ జవాబుకు) విడిగా పర్మిట్ ఇవ్వవలసి వచ్చింది.

నన్ను చాలాసేపు తిప్పలు పెట్టినది మరొకటి ఉంది. లిస్టు పనిచేస్తోందా అని షో యాక్సెస్ లిస్ట్స్ అనే కమాండ్ కొడితే ప్యాకెట్ల లెక్క కదలలేదు. హార్డ్‌వేర్‌లో ఆపిన ప్యాకెట్లు ఆ లెక్కలో చేరవు. వాటికి చివర హార్డ్‌వేర్ కౌంటర్స్ అని కలిపి అడగాలి. ఫిల్టరింగ్ హార్డ్‌వేర్‌లో జరుగుతుంది కాబట్టే లిస్టు పెట్టిన తర్వాత వేగం తగ్గినట్టు నాకు కనిపించలేదు.

ఒకే వీల్యాన్‌లోని రెండు కంప్యూటర్ల మధ్య ట్రాఫిక్‌ను ఈ లిస్టు ఆపలేదు. దానికి వీల్యాన్ లోపలి ట్రాఫిక్‌ను కూడా వడకట్టే వీల్యాన్ మ్యాప్ లాంటిది కావాలి. ఫైర్‌వాల్ (కనెక్షన్లను గుర్తుపెట్టుకుని వడకట్టే పరికరం) చేసే పనిని దీని నుంచి ఆశించకండి. చిన్న ఆఫీసుకు, ఆసుపత్రికి మాత్రం కొనమంటాను. సిస్కో దీనికి అప్‌డేట్లు మానేసింది గనుక, స్విచ్‌లోకి లాగిన్ బిల్లింగ్ గది నుంచి మాత్రమే కుదిరేలా కట్టడి చేయండి. లిస్టు పెట్టగానే రైట్ మెమరీ (సేవ్ చేసే కమాండ్) కొట్టండి. లేకుంటే కరెంటు పోయి వచ్చేసరికి రాసినదంతా చెరిగిపోయి ఉంటుంది.