బతుకమ్మకి బంతి, సంక్రాంతికి చామంతి: ఎప్పుడు నాటాలి?

[దృశ్యం: డిసెంబరు, నర్సరీ. విరగబూసిన చామంతి కుండీల వరస.]

వ్యాఖ్యానం:
డిసెంబరులో నర్సరీకి వెళ్తే చామంతులు ఇలా ఊరిస్తాయి. కొని తెచ్చుకుంటాం. మూడు వారాలకి పూలు వాడిపోతాయి, కొత్త మొగ్గ రాదు. మొక్క తప్పేం లేదు, దాని పూత ఆఖర్లో కొన్నాం, అంతే. మన ఎండల్లో ఏడాదంతా పూలు చూడాలంటే, పూయాల్సిన నెల నుంచి వెనక్కి లెక్కేసి నాటుకోవాలి.

బంతితో మొదలుపెడదాం. లెక్క ఇందులో సులువు.

[దగ్గరి షాట్: అరచేతిలో బంతి గింజలు]

ఒక కొస నల్లగా, ఇంకో కొస ఎండుగడ్డి రంగు కుచ్చులా ఉంది చూశారా? నల్ల కొసని గోటితో నొక్కండి. గట్టిగా తగిలితే లోపల పప్పు ఉన్నట్టు. చప్పగా నలిగితే తాలు. గుమ్మానికి కట్టిన దండలోంచి తీసిన గింజలు వేస్తుంటారు. అది హైబ్రిడ్ ముద్దబంతి అయితే మొలిచినవాటిలో చాలా మొక్కలు ఒంటిరేకు పూలే పూస్తాయి. అందుకే పండగ పూలకి కొత్త ప్యాకెట్ కొనడం మేలు.

నారు పోసిన రోజు నుంచి నిండుగా పూసేదాకా దాదాపు 80 రోజులు. అందులో మొదటి 25 రోజులు నారుమడిలోనే. అంటే బతుకమ్మకి జులై మొదటి వారంలో నారు పోయాలి. సంక్రాంతికైతే అక్టోబరు రెండో వారం, చలికి ఎదుగుదల కాస్త మందగిస్తుంది కాబట్టి.

పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క మొక్క. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక.

[దగ్గరి షాట్: బొటనవేలు, చూపుడువేలు మధ్య చిగురు]

నాటిన 15–20 రోజులకి తల ఇలా తుంచేయండి. తుంచకపోతే ఒకటే కాడ పైకి లేచి, నాలుగు పూలు పూసి, మొదటి గట్టి వానకే ఒరిగిపోతుంది. పైన యూరియా చల్లకండి. ఆకు బలుస్తుంది, మొగ్గ వెనకబడుతుంది. మార్చి దాటాక బంతి జోలికి వెళ్లొద్దు. ఎండకి ఎర్రనల్లి పట్టి ఆకులు దుమ్ము కొట్టినట్టు పాలిపోతాయి.

చామంతి లెక్క వేరు. రాత్రి పొడుగైతేనే ఇది మొగ్గ తొడుగుతుంది. జూన్, జులైలో పిలకలు నాటి, నెలకోసారి తల తుంచుతూ ఆగస్టు చివర ఆపేయాలి. గుబురు నిండుగా ఉన్నా మొగ్గ రాలేదంటే, చీకటి పడ్డాక కుండీ దగ్గరికి వెళ్లి చూడండి. వీధిదీపమో, వరండా బల్బో మొక్క మీద పడుతుంటే దానికి రాత్రి అయినట్టే తెలియదు. కుండీ పక్కకి జరపండి, చాలు. పూలయ్యాక ఆరంగుళాలకి కత్తిరించి, వేసవంతా పలచని నీడలో ఉంచితే వచ్చే జూన్‌కి పిలకలు మీ దగ్గరే ఉంటాయి.

[దృశ్యం: ఆకు దూసిన మల్లె పొద]

వేసవికి మల్లె. దాని పని మాత్రం నవంబరు చివరే. నీళ్లు తగ్గించి, ఆకు దూసి, నేల నుంచి అడుగున్నర ఎత్తుకి కత్తిరించాలి. పచ్చని పొదని అలా కొయ్యాలంటే చెయ్యి రాదు, నిజమే. కానీ మల్లె పూసేది కొత్త చిగురు మీదే. జనవరిలో ఎరువు వేసి మళ్లీ నీళ్లు మొదలుపెడితే మార్చికి మొగ్గలు. మొగ్గలు ఊదారంగు తిరిగి రాలుతుంటే అది పురుగు పని. రాలినవి ఏరి పారేసి, పొద మొదట్లో మట్టి గుల్ల చేసి, సాయంత్రం పూట లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి కొట్టండి.

మేడ మీద మండే మూలలో నాచుపూలు పెట్టండి. ఫిబ్రవరిలో మూడంగుళాల కాడ తుంచి గుచ్చితే చాలు. ఎండ లేనిచోట పువ్వు విచ్చుకోదు, వానాకాలం నీళ్లు నిలిస్తే కాడ కుళ్లుతుంది.

ఇక దాదాపు ఏడాదంతా పూసేది కనకాంబరం, అదీ సగం నీడలో.

[దగ్గరి షాట్: ఎండిన కనకాంబరం వెన్ను మీద నీటి చుక్క]

ఎండిన కాయ మీద నీటి చుక్క పడనివ్వండి... టప్! పగిలి గింజలు దూరంగా పడతాయి. అందుకే గింజ కావాలంటే వెన్ను ఎండగానే, వాన పడకముందే కోసి సంచిలో వేసుకోవాలి. ఇది మామూలు రకానికి. ఢిల్లీ కనకాంబరంలో గింజ పట్టదు, దాన్ని కొమ్మలతోనే పెంచుకోవాలి.