ఫోనులో చెప్పిన మోతాదు మీద సందేహం వస్తే: నర్సులకు ఒక అభ్యాసం

నమస్కారం. రాత్రి డ్యూటీలో ఉన్నారనుకోండి. వార్డులో మీరొక్కరే. ఫోను మోగింది. మాట్లాడుతున్నది ఒక డాక్టరు, మీరెన్నడూ చూడని మనిషి. ఒక రోగి పేరు చెప్పి, 'ఆస్ట్రోటెన్ 20 మిల్లీగ్రాములు ఇవ్వండి, పది నిమిషాల్లో వచ్చి సంతకం చేస్తాను' అన్నారు. మందుల అలమర తెరిచి చూస్తే, డబ్బా మీద రోజుకు గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములని ఉంది. మీరేం చేస్తారు?

వీడియో ఒక్క క్షణం ఆపి, మీ జవాబు కాగితం మీద రాసుకోండి. ఎవరూ చూడరు, నిజమే రాయండి.

రాశారా? ఇది జరిగిన సంగతే. చార్లెస్ హాఫ్లింగ్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు తన బృందంతో కలిసి చేసిన ఈ ప్రయోగం వివరాలు 1966లో అచ్చయ్యాయి. ఆస్ట్రోటెన్ అనే మందు లేనే లేదు, డబ్బాలో ఉన్నవి హాని చేయని మాత్రలు. ఫోను అందుకున్న 22 మంది నర్సుల్లో 21 మంది మందు ఇవ్వడానికి బయలుదేరారు. రోగిని చేరకముందే వాళ్లను ఆపేశారు. ఇదే పరిస్థితిని 21 మంది నర్సింగ్ విద్యార్థుల ముందు కాగితం మీద పెడితే, ఒక్కరు కూడా ఇస్తామనలేదు. మీ కాగితం మీద 'ఇవ్వను' అని ఉంటే, దాన్ని కాస్త అనుమానంగానే చూడండి.

ఈ ప్రయోగాన్ని నర్సులను తక్కువ చేయడానికి వాడేవారు ఉన్నారు. నాకది నచ్చదు. మందు ఇవ్వబోయిన ఆ 21 మంది నర్సులకు వృత్తి నేర్పినదే విధేయత. నైటింగేల్ పేరు మీద చేయించే ప్రతిజ్ఞ ఉంది కదా, అది ఆమె రాసినది కాదు. 1893లో డెట్రాయిట్ నర్సింగ్ పాఠశాలలో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలోని సంఘం రాసింది. వైద్యుడి పనిలో విశ్వాసంతో తోడ్పడతానన్న మాట అందులో ఉంది. అంతర్జాతీయ నర్సుల మండలి 1953లో ఆమోదించిన నియమావళి కూడా వైద్యుడి ఆదేశాలను వివేకంతో, విశ్వాసంతో అమలు చేయాలనే చెప్పింది. 1973 సవరణకు గానీ, నర్సు మొదటి బాధ్యత సంరక్షణ అవసరమైన మనుషుల పట్ల అన్న మాట అందులోకి రాలేదు. హాఫ్లింగ్ ఫోను మోగింది 1953కూ 1973కూ మధ్య.

1977లో ర్యాంక్, జేకబ్సన్ అనే పరిశోధకులు మళ్లీ ప్రయత్నించారు. ఈసారి మందు అందరికీ తెలిసిన వేలియం, అంటే ఆందోళన తగ్గించే మందు, అదీ మితిమీరిన మోతాదులో. డాక్టరు పేరు నర్సులకు తెలుసు. తోటివారితో మాట్లాడుకునే వీలుంది. 18 మందిలో ఇద్దరే ఇవ్వడానికి సిద్ధపడ్డారు. ధైర్యం ఎక్కువైందని నేననుకోను. మందు తెలుసు, అడగడానికి పక్కన మనిషి ఉన్నారు.

ఇక నోటితో అనవలసిన మాటలకు వద్దాం. మొదట విన్నది తిరిగి చదివి వినిపించండి: 'డాక్టర్ గారూ, 20 మిల్లీగ్రాములని విన్నాను. డబ్బా మీద గరిష్ఠం 10 అని ఉంది. మీరు చెప్పింది 20యేనా?' ఇందులో తప్పుపట్టడం లేదు. నిజంగా నోరు జారి ఉంటే, వారే సరిదిద్దుకుంటారు. ఇవ్వాల్సిందేనని పట్టుబడితే: 'ఈ మోతాదు నేను ఇవ్వలేను. మీరు వచ్చి రోగిని చూసి రాసివ్వండి. ఈలోగా ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెబుతాను.' గొంతు పెంచనక్కర్లేదు. ఫోను పెట్టేశాక నేరుగా రోగి మంచం దగ్గరకు వెళ్లండి. మందు ఆపారు గానీ బాధ్యత ఆగలేదు. నాడి, రక్తపోటు, శ్వాస చూస్తూ ఉండాలి.

అత్యవసరంలో నోటి ఆదేశాలు తప్పవు. ప్రాణం పోతున్న చోట కాగితం కోసం కూర్చోమని నేను చెప్పడం లేదు. అక్కడా తిరిగి చెప్పి ఖాయం చేసుకోవడం, వెంటనే రాయించుకోవడం మాత్రం మానకూడదు.

కొందరు చేసే ఒక తెలివైన పొరపాటు ఉంది. డాక్టరుతో గొడవెందుకని సగం మోతాదే ఇచ్చి, చార్టులో పూర్తిగా ఇచ్చినట్టు రాయడం. రోగిని కాపాడినట్టే అనిపిస్తుంది. ఉదయం వచ్చిన వైద్యుడు ఆ చార్టు చూసి, 20కి కూడా గుణం కనిపించలేదనుకుని మోతాదు పెంచితే? రోగికి అపాయం ఆ అబద్ధపు అంకెతోనే మొదలవుతుంది.

పొరపాటున మీరే ఎక్కువ మోతాదు ఇచ్చేసి ఉంటే వరుస ఇది: ముందు రోగిని చూడండి, వెంటనే డాక్టరుకు చెప్పండి, ఆ తర్వాత రాయండి. కొట్టివేతలు, దిద్దుబాట్లు వద్దు.

చార్టులో ఏం రాయాలి? సమయం, ఫోను చేసినవారి పేరు, వారన్న మాట, మీరన్న మాట, ఎవరికి తెలిపారు, రోగి స్థితి. 'డాక్టరు కోపంగా ఉన్నారు' వంటివి అక్కర్లేదు.

ఇప్పుడు ఒక స్నేహితురాలిని పిలవండి. ఆమె డాక్టరు, మీరు నర్సు. ఆమెను కసురుకోమనండి. 'ఈ మోతాదు నేను ఇవ్వలేను' అన్న మాట మీ గొంతు వణకకుండా వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేయండి. నాకు మొదట్లో ఆరేడుసార్లు పట్టింది.