‘దేవుడై యుండెను’: గ్రీకు వ్యాకరణం క్రీస్తు దైవత్వాన్ని తేల్చగలదా? చెన్నై స్టూడియో చర్చ పాఠం

పెరంబూరు ప్రాంతంలోని ఒక తెలుగు సంఘంలో అతిథిగా వచ్చిన బోధకుడు ఆదివారం ప్రసంగం మధ్యలో అన్న ఒక్క మాట ఈ చర్చకు కారణమైంది. యోహాను సువార్త మొదటి వచనాన్ని గ్రీకులో చదివితే వాక్యము, అంటే క్రీస్తు, ‘ఒక దేవుడు’ అనే అర్థమే వస్తుందని, తెలుగు బైబిలు ఆ సంగతిని దాచిపెట్టిందని ఆయన అన్నారు. ఆ ప్రసంగం వీడియో వాట్సాప్‌లో ఇంటింటికీ చేరింది, కొన్ని కుటుంబాలు వేరుగా ప్రార్థనకు కూడుకోవడం మొదలుపెట్టాయి. చర్చలో ఒకరి మాటపై మరొకరు మాట్లాడిన చోట్లను తొలగించలేదు. ఎవరి మాట ఎక్కడ తెగిపోయిందో తెలియకపోతే ఈ చర్చ ఎటు ఒరిగిందో పాఠకులకు అర్థం కాదు. పాల్గొన్నవారిని వారి బాధ్యతలతోనే సూచించాను.

సమన్వయకర్త: అందరికీ నమస్కారం. ఇరుపక్షాలకూ సమానంగా సమయం ఇస్తానని ముందుగా మాట ఇస్తున్నాను. గ్రీకు భాషలో నామవాచకానికి ముందు వచ్చే ‘హో’ అనే ఆర్టికల్ (ఇంగ్లీషులోని ‘ది’ వంటి చిన్న పదం) ఉంది, తెలుగులో అటువంటిది లేదు. అలాంటప్పుడు తరతరాలుగా తెలుగు విశ్వాసి చదువుతున్న వచనం మూలంలోని అర్థాన్ని చూపలేకపోతున్నదా? పాస్టరు గారూ, మీరు ప్రారంభించండి.

పాస్టరు: వందనాలు. ‘ఆదియందు వాక్యముండెను, వాక్యము దేవునియొద్ద ఉండెను, వాక్యము దేవుడై యుండెను.’ మూడవ భాగం గ్రీకులో ‘కై థెయోస్ ఏన్ హో లోగోస్’ అని ఉంది. అక్కడ ‘థెయోస్’ ముందు ‘హో’ లేదు కనుక ‘ఒక దేవుడు’ అనాలని యెహోవాసాక్షులు 1950లో వెలువరించిన ఆంగ్ల కొత్త నిబంధన చెప్పింది, ఈ బోధకుడు కూడా అదే చెప్పాడు. అయితే అదే అధ్యాయం ఆరవ వచనంలో, దేవుని యొద్దనుండి యోహాను పంపబడ్డాడన్న చోట కూడా ‘థెయోస్’కు ఆర్టికల్ లేదు. పన్నెండులో లేదు, పదమూడులో లేదు. బాప్తిస్మమిచ్చే యోహానును ఎవరో ఒక దేవుడు పంపాడని ఎవరైనా అంటారా? 1933లో కోల్‌వెల్ అనే పండితుడు దీనిని తేల్చివేశాడు. క్రియకు ముందు వచ్చిన విధేయ నామానికి, అంటే కర్త ఎవరో ఏమిటో చెప్పే నామానికి, ఆర్టికల్ లేకపోయినా అది నిశ్చితమైన నామమే, ‘ఎవరో ఒకడు’ కాదు, ‘ఆ ఒక్కడే’. చర్చ అక్కడితో ముగిసింది.

అధ్యాపకురాలు: అయ్యగారూ, కోల్‌వెల్ చెప్పినది అది కాదు. నిశ్చితమైన విధేయ నామం క్రియకు ముందు వచ్చినప్పుడు సాధారణంగా ఆర్టికల్‌ను...

పాస్టరు: నన్ను పూర్తి చేయనివ్వండి అమ్మా. నతనయేలు యేసుతో అన్న మాట చూడండి. ‘నీవు దేవుని కుమారుడవు, ఇశ్రాయేలు రాజవు’ అన్నాడు. మొదటి దానిలో ‘కుమారుడు’ క్రియకు తరువాత వచ్చింది, ఆర్టికల్ ఉంది. రెండవ దానిలో ‘రాజు’ క్రియకు ముందు వచ్చింది, ఆర్టికల్ లేదు. అయినా ఆయన ఎవరో ఒక రాజు కాడు, ఇశ్రాయేలుకు ఉన్న ఆ ఒక్క రాజే. ఒకే వచనంలో రెండు రుజువులు దొరికాయి.

న్యాయవాది: పాస్టరు గారు చూపిన ఆరు, పన్నెండు, పదమూడు వచనాలలో ఆ పదం షష్ఠీ విభక్తిలో ఉంది. ఆరు, పదమూడు వచనాలలో దాని ముందు ‘నుండి’ అనే అర్థమిచ్చే చిన్న పదాలు కూడా ఉన్నాయి. అటువంటి చోట్ల గ్రీకు ఆర్టికల్‌ను తరచుగా వదిలివేస్తుంది. మొదటి వచనంలో అది ప్రథమా విభక్తిలో విధేయంగా ఉంది కనుక ఆ రెంటినీ ఒకే త్రాసులో వేయకూడదు. పైగా ‘దేవునియొద్ద’ అన్నచోట ఆర్టికల్ పెట్టి, వెంటనే తరువాతి భాగంలో రచయిత ఎందుకు తీసివేశాడు? మూడవ శతాబ్దపు బైబిలు వ్యాఖ్యాత ఒరిగెన్ గ్రీకు మాతృభాషగా గలవాడు. తండ్రి ‘హో థెయోస్’ అనీ, వాక్యము ఆర్టికల్ లేని ‘థెయోస్’ అనీ తన వ్యాఖ్యానంలో ఆయన స్పష్టంగా తేడా చూపాడు.

సమన్వయకర్త: ఆ తేడా తెలుగులో కనబడదు, నేను అడుగుతున్నది అదే. మన భాషలో ఆ చిన్న పదం లేకపోవడం వల్ల తెలుగు పాఠకుడు మోసపోయాడా?

అధ్యాపకురాలు: మోసపోలేదు. ‘రాముడు రాజు’ అన్నప్పుడు ఒక రాజా, ఆ రాజా అన్నది సందర్భం చెబుతుంది. ఇక కోల్‌వెల్ విషయానికి వస్తాను. కాకులు నల్లగా ఉంటాయని చెప్పినంత మాత్రాన నల్లగా ఉన్నవన్నీ కాకులు కావు. నిశ్చిత నామాలు క్రియకు ముందు ఆర్టికల్ కోల్పోతాయని ఆయన చూపాడు గానీ, ఆర్టికల్ కోల్పోయినవన్నీ నిశ్చితమైనవని చూపలేదు. సమరయ స్త్రీ ‘నీవు ప్రవక్తవని గ్రహించుచున్నాను’ అన్నప్పుడు కూడా ‘ప్రవక్త’ క్రియకు ముందే, ఆర్టికల్ లేకుండానే ఉంది. అక్కడ నిశ్చితార్థం అవసరం లేదు. 1973లో హార్నర్ అనే పండితుడు ఇటువంటి నామాలు ప్రధానంగా స్వభావాన్ని తెలుపుతాయని వాదించాడు. తండ్రి ఏ స్వభావం గలవాడో వాక్యము అదే స్వభావం గలవాడని దాని భావం. అక్కడ ‘హో’ ఉండి ఉంటే వాక్యమూ తండ్రీ ఒకే వ్యక్తి అని సబెల్లియస్ పక్షం వారు వాదించడానికి వీలు కలిగేది. అంటే ఆర్టికల్ లేకపోవడం దైవత్వాన్ని తగ్గించలేదు, తండ్రికీ కుమారునికీ మధ్య భేదాన్ని కాపాడింది. మన పాత అనువాదం ‘దేవుడు’ అని ఆపకుండా ‘దేవుడై యుండెను’ అన్నది చూడండి, ఆ ‘ఐ’ ప్రత్యయం స్వభావాన్ని, స్థితిని...

పాస్టరు: స్వభావం అని మెల్లగా మొదలుపెడితే రేపు ‘దైవ గుణాలు గల మంచి మనిషి’ అనే దగ్గరకు చేరుతుంది. నేను ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను.

అధ్యాపకురాలు: నేను అలా అనలేదు అయ్యగారూ. స్వభావం అంటే తక్కువ అని అర్థం కాదు.

న్యాయవాది: ఆర్టికల్ గల భాషలోకి చేసిన తొలి అనువాదాల సాక్ష్యం కూడా చూడాలి. ఈజిప్టులోని సహిదిక్ కోప్టిక్ భాషలో ‘ఒక’ అనే అర్థమిచ్చే అనిశ్చిత ఆర్టికల్ ఉంది, యోహాను మొదటి వచనంలో అనువాదకులు దానినే పెట్టారు.

అధ్యాపకురాలు: పెట్టారు, అది నిజం. అయితే కోప్టిక్ ఆ ఆర్టికల్‌ను గుణాలను తెలిపే చోట కూడా వాడుతుంది కనుక దానిని మన ‘ఒక’తో సమానంగా... (ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

పాస్టరు: ఈజిప్టు దాకా ఎందుకు బ్రదర్? మనం కూర్చున్న ఈ నగరంలోనే సాక్ష్యం ఉంది. పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద యేసు శిష్యుడైన తోమా హతసాక్షి అయ్యాడని మన పెద్దల సంప్రదాయం చెబుతుంది. యేసును చూసి ‘నా ప్రభువా, నా దేవా’ అన్నది ఆ తోమాయే. గ్రీకులో అక్కడ ‘హో థెయోస్ మూ’ అని ఆర్టికల్‌తో సహా ఉంది. మీరు వెతుకుతున్న ‘హో’ అక్కడ దొరికింది.

సమన్వయకర్త: కొండ మీద ఉన్న, పహ్లవీ అనే పాత పారసీక భాషలో శాసనం గల సిలువ గురించి కూడా ప్రేక్షకులు అడుగుతుంటారు...

పాస్టరు: ఆ సిలువను నేను చిన్నతనంలోనే చూశాను. మా నాన్నగారు సెయింట్ థామస్ మౌంట్ స్టేషన్‌లో దిగి, మెట్లన్నీ ఎక్కించి, అక్కడ ఈ వచనమే నాచేత చదివించారు.

అధ్యాపకురాలు: ఆ జ్ఞాపకాన్ని గౌరవిస్తూనే ఒక మాట చెబుతాను. తోమా మాటలోని ఆర్టికల్ మీద బరువు వేయకూడదు. గ్రీకులో ప్రథమా విభక్తిని సంబోధనగా వాడినప్పుడు దాని ముందు ఆర్టికల్ సహజంగా వస్తుంది. గ్రీకు పాత నిబంధనలో కీర్తనకారుడు దేవుని ‘నా దేవా నా ప్రభువా’ అని పిలిచినప్పుడు కూడా ఇదే నిర్మాణం ఉంది. బలం ఆ పోలికలోనే ఉంది, ఇశ్రాయేలీయుడు దేవునితో మాత్రమే అనదగిన మాటను తోమా యేసుతో అన్నాడు.

న్యాయవాది: అది ఆశ్చర్యంతో పైకి చూసి అన్న మాట కావచ్చు.

అధ్యాపకురాలు: కాకూడదు. ‘ఆయనతో’ అన్నాడని వచనం స్పష్టంగా చెబుతుంది.

పాస్టరు: విన్నారా! అమ్మగారే ఒప్పుకున్నారు.

సమన్వయకర్త: మళ్లీ నా ప్రశ్నకు వస్తాను. ఆర్టికల్ లేని తెలుగు ఈ విషయంలో బలహీనమైన భాషా?

అధ్యాపకురాలు: కొన్ని చోట్ల తెలుగే బలమైనది. ‘నేనును తండ్రియును ఏకమై యున్నాము’ అన్నచోట గ్రీకులో ‘హేన్’ అని నపుంసకలింగం ఉంది, ‘హెయిస్’ అనే పుంలింగం లేదు. ‘ఒకడు’, ‘ఒకటి’ అనే తేడా పుట్టుకతో తెలిసిన మనకు దీనిని వివరించనక్కరలేదు. ఇద్దరూ ఒకే వ్యక్తి అని యేసు అనలేదు.

న్యాయవాది: అదే తెలుగు బైబిలు నుండి నేను ఒక ప్రశ్న వేస్తాను. 1798లో గ్రాన్‌విల్ షార్ప్ ఒక నియమం ప్రకటించాడు. ‘మరియు’తో కలిసిన, వ్యక్తులను సూచించే రెండు ఏకవచన నామాలలో మొదటిదానికి మాత్రమే ఆర్టికల్ ఉంటే, అవి సొంత పేర్లు కానప్పుడు, రెండూ ఒకే వ్యక్తిని సూచిస్తాయి. దాని ప్రకారం తీతు రెండవ అధ్యాయం పదమూడవ వచనంలో మన అనువాదం ‘మహా దేవుడును మన రక్షకుడునైన యేసుక్రీస్తు’ అని ఇద్దరినీ ఒక్కరిగా కలిపింది. రెండవ పేతురు మొదటి వచనంలో నిర్మాణం అదే. అక్కడ మాత్రం ‘మన దేవునియొక్కయు రక్షకుడైన యేసుక్రీస్తుయొక్కయు’ అని ఇద్దరుగా విడదీసింది. నియమం అంత తిరుగులేనిదైతే ఒకే బైబిలులో రెండు తీర్పులు ఎందుకు వచ్చాయి?

పాస్టరు: షార్ప్ ఎవరో ముందు తెలుసుకోవాలి. ఇంగ్లండులో బానిసల విడుదల కోసం పోరాడిన మహానుభావుడు, సోమర్‌సెట్ అనే బానిస విడుదల కోసం 1772లో నడిచిన వ్యాజ్యం వెనుక నిలబడినవాడు. అటువంటి మనిషి...

న్యాయవాది: ఆయన మంచితనం నా ప్రశ్నకు సమాధానం కాదు.

పాస్టరు: ...అటువంటి మనిషి సత్యం కోసం గ్రీకు నేర్చుకున్నాడు. మహా దేవుడు యేసుక్రీస్తే. మహా దేవుడు యేసుక్రీస్తే! తీతు పత్రికలో అంత స్పష్టంగా ఉన్నప్పుడు ఇంకేమి కావాలి?

అధ్యాపకురాలు: న్యాయవాది గారి ప్రశ్న న్యాయమైనది. పేతురు పత్రికలోనే అదే అధ్యాయం పదకొండవ వచనంలో ‘మన ప్రభువును రక్షకుడునైన యేసుక్రీస్తు’ అని అదే నిర్మాణాన్ని మన అనువాదకులు కలిపే చదివారు. మొదటి వచనాన్ని కూడా అలాగే అనువదించి ఉండవలసిందని నా అభిప్రాయం. 1802లో క్రిస్టఫర్ వర్డ్స్‌వర్త్ అనే పండితుడు గ్రీకు సంఘ పితరుల రచనలను వెదికి, వారు తీతు వచనాన్ని ఒకే వ్యక్తి గురించి చదివారని చూపాడు. అయితే అసలు సంగతి వేరే ఉంది. 325లో సంఘ నాయకుల నైసియా సభకు దారితీసిన, క్రీస్తు దైవత్వంపై వచ్చిన వివాదం అలెక్సాండ్రియాలో గ్రీకు మాట్లాడేవారి మధ్యనే పుట్టింది. కుమారుడు సృష్టింపబడినవాడన్న అరియసుకూ, దానిని ఎదిరించిన అతనాసియుసుకూ ఆర్టికల్ ఎక్కడ వస్తుందో ఎవరూ నేర్పనక్కరలేదు. అయినా వారు ఏకీభవించలేదు. చివరకు సభ ‘హోమోఊసియోస్’, అంటే ‘ఏకస్వభావము గల’ అనే పదాన్ని వాడవలసి వచ్చింది. అది గ్రంథంలో ఎక్కడా లేని పదం. కనుక వ్యాకరణం కొన్ని అర్థాలకు తలుపు మూస్తుంది గానీ, మిగిలినవాటిలో ఏది సరైనదో...

పాస్టరు: అంటే వ్యాకరణం పనికిరాదంటారా? పెరంబూరులో కుటుంబాలు విడిపోతుంటే మనం సందేహాలు పంచిపెడదామా?

అధ్యాపకురాలు: నేను సందేహాలు పంచడం లేదు. తప్పుడు రుజువు మీద నిలబెట్టిన విశ్వాసం, ఆ రుజువు పడిపోయిన రోజున దానితోపాటు పడిపోతుందని భయపడుతున్నాను. ఆ కుటుంబాలకు జరిగినది అదే. నిన్నటివరకు కోల్‌వెల్ నియమమే ఆధారమని విన్నవారు, అది అలా పనిచేయదని ఒక వీడియోలో తెలియగానే...

సమన్వయకర్త: క్షమించండి, మనకు రెండు నిమిషాలే ఉన్నాయి. న్యాయవాది గారూ, ఒక్క వాక్యం.

న్యాయవాది: కొలొస్సయుల పత్రికలోని ‘సర్వసృష్టికి ఆదిసంభూతుడు’ అన్న మాటలో ఆ షష్ఠీ విభక్తి ఆయనను సృష్టిలో ఒకనిగా చూపుతున్నదా, సృష్టిపై అధికారిగా చూపుతున్నదా అన్నది మనం తాకనైనా లేదు.

పాస్టరు: తరువాతి వచనం చదవండి బ్రదర్, సమస్తమూ ఆయనయందే సృజింపబడిందని ఉంది. సమస్తాన్నీ సృజించినవాడు ఆ సమస్తంలో ఒకడు ఎలా అవుతాడు? సంఘాలలోని తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒక్కటే. మీ పిల్లలు ఆ వీడియో చూపించి అడిగితే భయపడకండి, యోహాను మొదటి వచనం చదివించండి, తోమా మాట చదివించండి, తీతు చదివించండి.

అధ్యాపకురాలు: పేతురు పత్రిక కూడా చదివించండి, రెండు అనువాదాలు పక్కపక్కన పెట్టి...

సమన్వయకర్త: పాస్టరు గారి స్పష్టమైన మాటలతో ఈనాటి కార్యక్రమాన్ని ముగిస్తున్నాము. తెలుగులో ఆర్టికల్ లేకపోవడం గురించి మరొక భాగంలో తప్పకుండా మాట్లాడుకుందాం. నమస్కారం.

న్యాయవాది: రెండవ పేతురు వచనానికి పాస్టరు గారు ఇంకా సమాధానం చెప్పలేదు.

(ప్రసారం ముగిసింది)