ముందు బార్ సంగతి, తర్వాతే సాల్మన్: టిల్లమూక్ బేలో శరత్కాలం వేట

నమస్కారం అండి. ఇప్పుడు ఉదయం ఐదుంపావు. నా వెనకాల చీకట్లో మెరుస్తున్నవి గారిబాల్డి రేవు దీపాలు. ఒరెగాన్ తీరం, టిల్లమూక్ బే. హిల్స్‌బరో, బీవర్టన్‌లో ఉండే మనవాళ్లు ఆగస్టు దాటితే చాలు, "అన్నా, సాల్మన్‌కి వెళ్దామనుకుంటున్నాం, ఏ ఎర వాడాలి?" అని మెసేజ్ పెడతారు. ఎర సంగతి చెప్తాను, కానీ సగం వీడియో అయ్యాక. నీళ్లు ఎలా ఉన్నాయో చూసుకోకుండా ఎర గురించి మాట్లాడటం నాకు నచ్చదు.

మాది కాకినాడ పక్కన. మా మావయ్య వేటకెళ్లేవాడు. ఆయన లెక్క చాలా సులువు: పాటు మీద, అంటే నీళ్లు తీసేటప్పుడు, బయటికి పో, పోటు మీద, అంటే నీళ్లు ఎక్కేటప్పుడు, ఇంటికి రా. నీళ్లే తోసుకుపోతాయి, నీళ్లే తెచ్చి దింపుతాయి, డీజిల్ మిగులుతుంది. నేనూ ఇక్కడ మొదటి ఏడాది అదే లెక్క వేశాను. ఈ బే దగ్గర ఆ లెక్క ఎందుకు పనిచేయదో చూడండి.

ఇదిగో మ్యాప్. మయామీ, కిల్చిస్, విల్సన్, ట్రాస్క్, టిల్లమూక్. ఐదు నదులు ఈ ఒక్క బేలో కలుస్తాయి. ఆ నీళ్లు, పోటుకి లోపలికొచ్చిన సముద్రం నీళ్లు, అన్నీ పాటుకి బయటికి పోవాలి. పోవడానికి ఉన్నది రెండు రాతి జెట్టీల మధ్య, అంటే సముద్రంలోకి కట్టిన రాతి గోడల మధ్య, ఈ ఒక్క సందు. మన గోదారి వైపు దీన్నే మొగ అంటాం. మొగ ముందు ఇసుక మేట వేస్తుంది కదా, దాన్ని ఇక్కడ బార్ అంటారు. పాటు నీళ్లు జోరుగా బయటికి పోతుంటే, ఎదురుగా సముద్రం నుంచి అలలు వస్తాయి. ఎదురు ప్రవాహం తగిలిన అల దగ్గరకి కుంచించుకుపోయి, నిటారుగా లేచి, మేట మీద విరిగిపడుతుంది. పోటు మీద మామూలుగా ఉన్న చోటే పాటు మీద గోడ లేస్తుంది. 2003 జూన్ 14న ఇక్కడే, బార్ దాటుతున్న ఒక చార్టర్ పడవ, అంటే డబ్బులు తీసుకుని జనాన్ని వేటకి తీసుకెళ్లే పడవ, తిరగబడింది. 19 మందిలో 11 మంది పోయారు. పడవ నడిపినాయన నాలాగా వారాంతపు సరదాగాడు కాదు, అనుభవం ఉన్న కెప్టెన్.

అన్నట్టు, ఎడం పక్కన పొడుగ్గా ఉన్న ఇసుక తిప్ప చూశారా? దాని మీద బేఓషన్ అని ఒక ఊరు ఉండేది. 1917కి ఉత్తరం వైపు జెట్టీ ఒక్కటే కట్టారు. దాంతో ఇసుక కదిలే దారి మారిపోయి, సముద్రం ఊరిని కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చింది. 1952లో తిప్ప తెగింది. ఆఖరి ఇల్లు 1960లో నీళ్లలో పడింది. ఉప్పాడ చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

సరే, ఫోన్ తీయండి. మూడు చూడాలి.

మొదటిది టైడ్ పట్టిక, స్టేషన్ పేరు గారిబాల్డి. ఈ తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి, కానీ సమానంగా ఉండవు. ఇవాళ పొద్దున 6:40కి నీళ్లు బాగా కిందికి దిగుతాయి, మధ్యాహ్నం 12:50 దాకా ఎక్కుతాయి. అంటే నాకు ఆరు గంటల పోటు దొరికింది. చివర్లో నీళ్లు నిలబడేలోపే నేను రేవు వైపు తిరిగిపోతాను. కొత్తవాళ్లు కూడా ఇలాంటి రోజే ఎంచుకోండి.

రెండోది, నేషనల్ వెదర్ సర్వీస్ వాళ్ల మెరైన్ ఫోర్‌కాస్ట్. అందులో స్వెల్, అంటే దూరం నుంచి వచ్చే అలలు, అని రెండు అంకెలు ఉంటాయి, ఎన్ని అడుగులు, ఎన్ని సెకన్లకి ఒకటి అని. అందరూ అడుగులు చూసి సెకన్లు వదిలేస్తారు. శరత్కాలంలో అలాస్కా వైపు ఎక్కడో తుఫాను పడితే ఇక్కడికి పొడుగాటి అలలు వస్తాయి. గాలి ఉండదు, ఎండ కాస్తుంటుంది, బార్ మాత్రం తెల్లగా విరుగుతుంటుంది. 8 అడుగులు, 16 సెకన్లు అని ఉందనుకోండి. నడి సముద్రంలో అది ఉయ్యాలలా ఉంటుంది. మేట దగ్గరికొచ్చేసరికి అదే అల తల పైకెత్తుతుంది. 8 అడుగులు, 8 సెకన్లు అంటే బయటే నడుం విరుగుతుంది, అది వేరే రకం బాధ. గాలి దక్షిణం నుంచి మొదలైందంటే వాన వస్తోందని అర్థం, వచ్చేదాకా ఆగి చూడకండి.

మూడోది కోస్ట్‌గార్డ్ బార్ రిపోర్ట్. రేవు దగ్గర హెచ్చరిక బోర్డు కూడా ఉంటుంది. పసుపు దీపాలు కొట్టుకుంటుంటే బార్ బాగోలేదని. దీపాలు ఆరి ఉన్నాయి కాబట్టి బాగుందని మాత్రం కాదు!

ఇంత విన్నాక "అయితే బార్ ఎప్పుడు దాటమంటావు?" అంటారా? మీ మొదటి ఏడాది అసలు దాటొద్దనే నా మాట. అవసరం కూడా లేదండి. సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా చినూక్ సాల్మన్ తనంతట తనే బేలోకి వస్తుంది. పులస సముద్రం వదిలి గోదారికి ఎదురెక్కినట్టే. వానలు పడి నదులు పెరిగేదాకా బేలోనే కాచుకుని ఉంటుంది. మీరు పడవేసుకుని ఎదురెళ్లక్కర్లేదు.

లోపలే ఉన్నాం కదా అని ధీమా కూడా వద్దు. నా కథ చెప్తాను. మొదటి ఏడాది, పాటు మీద, జెట్టీల మధ్యకి జరుగుతూ ఎర లాగుతున్నాను. శరత్కాలంలో ఈ బే నిండా ఈల్‌గ్రాస్ తెగి తేలుతుంటుంది, రిబ్బన్ లాంటి నీటి గడ్డి. అది మోటారు నీళ్లు పీల్చుకునే రంధ్రానికి అడ్డుపడింది. మోటారు వేడెక్కింది, అలారం కొట్టింది, ఆగింది. ప్రవాహం పడవని నేరుగా బార్ వైపు లాక్కుపోతోంది. నాతో వచ్చిన ఫ్రెండు లంగరు తీసి, దగ్గరగా ఉంది కదా అని వెనక వైపు నుంచి వేయబోయాడు. నేను అరిచిన అరుపు వాడికి ఇప్పటికీ గుర్తు. జోరు ప్రవాహంలో వెనక నుంచి లంగరు వేస్తే నీళ్లు వెనక గోడ మీదుగా లోపలికి ఎక్కుతాయి, నిమిషాల్లో పడవ మునుగుతుంది. లంగరు ఎప్పుడూ ముందు కొన నుంచే. వేశాం, పట్టింది, గడ్డి పీకాను, బయటపడ్డాం. అప్పటి నుంచి పాటు మీద నేను జెట్టీల వైపు తిరిగి కూడా చూడను.

లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. ఈ నీళ్లు చాలా చల్లన. పడితే మొదటి 1 నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికే సరిపోతుంది, చేతులు కాళ్లు మాట వినేది 10 నిమిషాలు, స్పృహ ఉండేది దాదాపు 1 గంట. ఆ పది నిమిషాల తర్వాత ఈత వచ్చినవాడికీ రానివాడికీ తేడా ఉండదు. పడవలో ఉండే వీహెచ్ఎఫ్ రేడియోలో ఆపదకి పిలిచే ఛానెల్ 16 గుర్తుపెట్టుకోండి, సెల్ సిగ్నల్‌ని నమ్ముకోకండి.

లైసెన్స్ గురించి ఒక్క ముక్క. చేపలు పట్టే లైసెన్స్‌తో పాటు సాల్మన్‌కి విడిగా ట్యాగ్ కావాలి. 10 హార్స్‌పవర్ దాటిన మోటారు నడపాలంటే బోటింగ్ కార్డ్ కావాలి. ఎన్ని పట్టొచ్చు, ఏవి వదలాలి అన్నది ఏటా మారుతుంది, సీజన్ మధ్యలో కూడా మారుస్తారు. పాత వీడియోలు చూసి వెళ్లకండి, నాది కూడా. ముందు రోజు రాత్రి రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ల సైట్ చూడండి.

ఇప్పుడు ఎర. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తాను. ఇది హెర్రింగ్ అనే చిన్న చేప. రాత్రి అయోడిన్ లేని కల్లుప్పు నీళ్లలో వేసి ఉంచాను, అందుకే ఇలా బిర్రుగా ఉంది. ఉప్పు పట్టని హెర్రింగ్ రెండు నిమిషాల్లో పిప్పి అయిపోతుంది. మొప్పల వెనక కత్తి పెట్టండి. నిలువుగా కొయ్యకూడదు, కత్తి ఏటవాలుగా రెండు వైపులకీ వంగాలి. ఇదిగో, ఇలా. తల పోయింది, పేగు లాగేశాను. పై గాలం లోపలి నుంచి వెన్నెముక పక్కగా బయటికి. రెండోది తోక దగ్గర. ఇప్పుడు పడవ పక్కన నీళ్లలో లాగి చూద్దాం. చూశారా, మర మేకులా బిగుతుగా తిరుగుతోంది. బద్ధకంగా పొర్లుతుంటే పారేసి ఇంకోటి కొయ్యండి, మొహమాటం వద్దు.

దారానికి ఆరు ఔన్సుల సీసం, మూడు మూలల ఫ్లాషర్, అంటే చేపని పిలిచే మెరిసే రేకు, దాని వెనక ఐదారు అడుగుల లీడర్, అంటే గాలాలు కట్టిన దారం. సీసం అడుగున టక్కుమని తగిలేదాకా వదిలి, ఒక చుట్టు పైకి తీయండి. చినూక్ అడుగునే ఉంటుంది. పది నిమిషాలకోసారి పైకి తీసి గడ్డి దులపాల్సిందే. గడ్డి తగిలిన ఎర జోలికి చేప రాదు. రాడ్ కొన టిక్ టిక్ అంటుంది, అప్పుడే లాగేయకండి. మనవాళ్లందరూ చేసే తప్పు ఇదే. రాడ్ మొత్తం వంగి నీళ్ల వైపు పోయినప్పుడు ఎత్తండి. సీలయన్, అంటే చేపలు తినే సముద్ర సింహం, దగ్గర్లో ఉంటే త్వరగా లాగండి, లేకపోతే మీకు తల ఒక్కటే మిగులుతుంది.

చేప పక్కకి వచ్చాక నోరు చూడండి. పంటి చిగురు నల్లగా ఉంటే చినూక్, తెల్లగా ఉంటే కోహో, ఇంకో రకం సాల్మన్. తోక పైన, కింద రెండు వైపులా మచ్చలుంటే చినూక్. వీపు మీద, తోకకి దగ్గరగా, చిన్న కండ రెక్క ఉంటుంది. అది కోసేసి ఉంటే హేచరీలో, అంటే పిల్లల్ని పెంచే కేంద్రంలో, పెంచి వదిలిన చేప, ఉంటే నదిలో పుట్టింది. వదలాల్సిన చేపని నీళ్లలోంచి ఎత్తి ఫొటోలు దిగకండి. ఉంచుకునేదైతే వెంటనే మొప్పలు కోసి నెత్తురు కార్చి, ఐసులో పెట్టండి. పులుసు పెడతారా, పులుసు బాగా మరిగాక చివర్లో వేయండి. ఇది కొరమేను కాదు, ఉడికేకొద్దీ విరిగిపోతుంది.

ఆరుంబావు అయింది, నీళ్లు ఇంకో అరగంటలో తిరుగుతాయి. తాడు విప్పుతున్నాను. ఫోన్ ఇంక లోపల పెట్టేస్తా. హెర్రింగ్ చేతులతో పట్టుకున్న ఫోన్‌ని కారులోకి తేవొద్దని మా ఆవిడ పోయినసారే చెప్పింది.