స్పైనల్ స్టెనోసిస్: ఆపరేషన్ ఎవరికి, ఎప్పుడు?

సభలోని పెద్దలందరికీ నమస్కారం.

భద్రకాళి చెరువు కట్ట మీద ఉదయం నడకకు వచ్చే పెద్దల్లో కొందరికి కొంత దూరం పోగానే పిరుదుల నుంచి పిక్కల దాకా కాళ్లు బరువెక్కి తిమ్మిరి పడతాయి. ముందుకు వంగి కాసేపు కూర్చుంటే తేలికపడతాయి. నడవలేని ఆ మనిషే హ్యాండిల్ మీదికి వంగి సైకిలు మాత్రం సునాయాసంగా తొక్కుతాడు. వయసుతో పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి, పూసల కీళ్లు పెరిగి, వెనుక పూసలను కలిపి ఉంచే పట్టీ లాంటి లిగమెంటు మందమై, నడుములో నరాలు దిగే దారి ఇరుకైపోవడమే దీనికి కారణం. దీన్నే స్పైనల్ స్టెనోసిస్ అంటారు. నిటారుగా నిలబడితే ఆ ఇరుకు పెరుగుతుంది, వంగితే తగ్గుతుంది. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినా నడిస్తే నొప్పి వస్తుంది కానీ, అది ఊరికే నిలబడినా తగ్గుతుంది. అందుకే పాదాల దగ్గర నాడి చూడకుండా జబ్బును నిర్ధారించకూడదు.

అరవై దాటినవారికి ఎమ్మారై తీస్తే, ఏ బాధా లేనివారిలోనూ చాలామందికి ఈ ఇరుకు కనబడుతుంది. కాబట్టి ఫిల్మును మాత్రమే చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. నడక ఎంత తగ్గింది, ఏ పనులు ఆగిపోయాయి అన్నదే అసలు కొలత. ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకొని, వంగే వ్యాయామాలు, పొట్ట కండరాలకు బలమిచ్చే వ్యాయామాలు కొన్ని వారాలు శ్రద్ధగా చేయాలి. మందుల షాపులో నొప్పి బిళ్లలు కొని నెలల తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి, బీపీ ఉన్నవారికి మరీ ప్రమాదం.

వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ మీద ఆశ ఎక్కువ. అమెరికాలో 400 మంది రోగులపై జరిగి 2014లో వెలువడిన అధ్యయనంలో, అక్కడి వరకే మొద్దుబార్చే మత్తుమందు ఒక్కటే ఇచ్చినవారికీ, దానితో స్టెరాయిడ్ కలిపి ఇచ్చినవారికీ ఆరు వారాల తర్వాత చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా షుగరు ఉన్నవారికి కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది.

ఇవేవీ పనిచేయక, నడక బాగా కుంచించుకుపోయినవారికి ఎముకనూ లిగమెంటునూ కొంత తొలగించి నరాలకు చోటిచ్చే లామినెక్టమీ మేలు చేస్తుంది. నడుము నొప్పి కంటే కాళ్ల నొప్పే దీనితో బాగా తగ్గుతుంది. పూసలను కలిపి బిగించే రాడ్లు, స్క్రూలు కూడా వేయాలంటే ఎందుకని తప్పక అడగండి. 2016లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో, వాటిని అదనంగా వేసినందువల్ల రెండేళ్ల తర్వాత ఎక్కువ ప్రయోజనం కనిపించలేదు. పూసలు స్థిరంగా లేక కదులుతున్నప్పుడు మాత్రం వాటి అవసరం ఉండవచ్చు.

అయితే మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, మలమూత్ర ద్వారాల చుట్టూ స్పర్శ పోయినా, పాదం ఉన్నట్టుండి పైకి లేవకపోయినా వ్యాయామాలంటూ ఆగకూడదు. రాత్రయినా సరే, ఎమ్మారై, సర్జన్ ఇద్దరూ అందుబాటులో ఉండే ఆసుపత్రికి వెంటనే తీసుకుపోవాలి.